ఎర్ర తాడుకు కట్టిన గుమ్మడికాయ

బెల్టు నాలుగైదు నిమిషాలు నడిచి ఆగిపోయింది.

అప్పటికి కొబ్బరి ముక్కలు పంచడం కూడా పూర్తి కాలేదు. క్వారీ అడుగున కొత్తగా నిలబెట్టిన క్రషర్‌లో తొలి బండలు నలిగి ముక్కలయ్యాయి. ఆ ముక్కలు నల్లటి రబ్బరు బెల్టు మీదికెక్కి, గుంత గోడ పక్కన వేసిన ఇనుప చట్రం మీదుగా పైకి వచ్చి, మా కళ్ళ ముందే కుప్పగా పడసాగాయి. టిప్పర్ లేకుండా రాయి పైకి రావడం అక్కడున్నవాళ్ళలో ఎవరూ అంతకుముందు చూడలేదు. చప్పట్లు కొట్టారు. ఒకరిద్దరు ఫోన్లు పైకెత్తి వీడియో తీసుకున్నారు. అంతలో మోటారు శబ్దం సన్నబడి, బెల్టు మీది రాళ్ళు ఎక్కడివక్కడే నిలిచిపోయాయి.

బెల్టు బిగించడానికి వచ్చిన ఇంజినీరు ముప్పై ఏళ్ళ అమ్మాయి. అందరూ మేడం అని పిలిచేవారు. ఆమె ప్యానెల్ తెరిచి చూసింది. ఎర్ర దీపం వెలుగుతోంది. బెల్టుకు రెండు పక్కలా, పైనుంచి కిందిదాకా, నడుము ఎత్తులో ఒక ఎర్ర తాడు ఉంటుంది. ఎవరి చెయ్యో కొంగో బెల్టులో చిక్కుకుంటే, దగ్గరున్నవాళ్ళు ఆ తాడును ఎక్కడ పట్టుకుని లాగినా బెల్టు ఆగుతుంది. ఆ తాడు ఎవరో లాగారని దీపం చెబుతోంది. ఆమె చూస్తుండగానే దీపం ఆరిపోయింది. సైరన్ మోగించి మళ్ళీ బెల్టు వేసింది. ఈసారి రెండు నిమిషాలే. మళ్ళీ ఎర్ర దీపం, కాసేపటికి మళ్ళీ ఆరిపోవడం. మూడోసారీ అంతే.

నడిచే దారి ఉన్న పక్కన మనుషుల్ని పంపి తాడు పొడవునా వెతికించారు. అక్కడ ఎవరూ లేరు. కింద, క్రషర్ వెనకాల, టిప్పర్ల పక్కన డ్రైవర్లు నిలబడి ఉన్నారు. మేనేజర్ వాళ్ళవైపు చూశాడు. ఇక ఆయనకు వేరే ఆలోచన రాలేదు. బెల్టు వస్తే బతుకు పోతుందని భయపడ్డవాళ్ళు, ఎవరూ చూడకుండా తాడు లాగి వదులుతున్నారని అక్కడికక్కడే తేల్చేశాడు. డ్రైవర్లందరినీ పైకి పిలిపించి, ఎవరు లాగారో పగలు పన్నెండు లోపల చెప్పకపోతే బెల్టు పనికి పెట్టుకుంటానన్న నలుగురి జాబితా చింపేస్తానన్నాడు. ఆ నలుగురిలో మా ఇంటి ఓనరు ఒకరు.

ఇల్లు ఆయనది. నేను కిరాయికి ఉండేవాణ్ణి. పత్రికలో డెస్కు పని మానుకున్నాక, పట్నం కిరాయిలు మోయలేక, శామీర్‌పేట నుంచి లోపలికి వెళ్ళే దారిలో ఈ మేడమీది గది తీసుకున్నాను. ఇంటికి ముందు కంకర బళ్ళు తిరిగే రోడ్డు, వెనక రెండు జొన్న చేలు దాటితే క్వారీ గుంత. కింద ఆయన, ఆయన భార్య. ఒక్కతే కూతురు, పెళ్ళై జీడిమెట్లలో ఉంటుంది. ఆయనను క్వారీలో అందరూ చాచా అంటారు. నేను భాయి అనేవాణ్ణి. ఆమె నన్ను అన్నా అనేది. ఇంట్లో వాళ్ళిద్దరూ దక్కనీ ఉర్దూలో మాట్లాడుకునేవారు, మెట్ల దగ్గర నేను కనిపిస్తే మాట మధ్యలోనే తెలుగులోకి దిగేవారు.

ఇరవై ఏళ్ళకు పైగా ఆయన నడిపింది ఒకే దారి. గుంత అడుగున రాయి నింపుకోవడం, మలుపులు తిరుగుతూ పైకెక్కడం, పైన క్రషర్‌లో ఒంపడం, ఖాళీగా దిగడం. ఎక్కే బండికి దిగే బండి జాగా ఇవ్వాలి. అది అక్కడి కట్టుబాటు. నిండు బండి మధ్యలో ఆగితే మళ్ళీ కదలదు. అందుకని ఖాళీ బండివాడు దూరం నుంచే గోడవైపు ఒదిగి, చెయ్యి బయటికి పెట్టి రమ్మంటాడు. రోజంతా ఒకరికొకరు అలా చేతులు ఊపుకుంటూనే ఉంటారు.

చివరి మలుపు ఊరివైపు ఉంటుంది. అక్కడికొచ్చాక భాయి హారన్ రెండుసార్లు పొట్టిగా కొట్టేవాడు. దూలపల్లి దగ్గర ఒక షెడ్డులో బిగించుకున్న హారన్ అది, మిగతా బళ్ళ హారన్ల కంటే కాస్త బొంగురుగా ఉండేది. మధ్యాహ్నం పూట ఆ శబ్దం వినగానే ఆమె పొయ్యి మీద పెంకు పెట్టేది. ఆయన బండి ఒంపి, పక్కన నిలిపి, చేలగట్టు మీద నడిచి వచ్చేసరికి రెండో జొన్న రొట్టె పొంగుతూ ఉండేది. కొన్నాళ్ళకు నాకూ అలవాటైంది. ఆ హారన్ వినపడితే పుస్తకం మూసి కిందికి దిగేవాణ్ణి, నాకూ ఒక రొట్టె ఉంటుందని తెలుసు గనక.

గుంత ఏటేటా లోతవుతోంది. లోతైన కొద్దీ దారి పొడవవుతోంది, ఒక్కో విడతకు కాలే డీజిలు పెరుగుతోంది. ఈ సంగతి నాకు అర్థమయ్యేలా చెప్పింది కూడా ఆయనే. ఒక ఆదివారం అరుగు మీద కూర్చుని, చాయ్ గ్లాసు ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకుంటూ అన్నాడు.

"బండి రాయినొక్కదాన్నే మోస్తదా సార్? తన్ను తాను గూడ మోసుకోవాలె. పైకి తన బరువు, రాయి బరువు. కిందికి ఉత్త బండి. గా పొగంతా ఏంటిదనుకున్నరు? సగం నా బండిని నేను గుట్ట ఎక్కిచ్చినందుకే. బెల్టు అట్ల గాదు. అది ఉన్నకాడ్నే ఉంటది, రాయి పోతది."

తన పని పోగొట్టే యంత్రం గురించి అంత నిమ్మళంగా చెప్పడం విని ఆశ్చర్యపోయాను. తరవాత ఆమె దగ్గు వినపడింది. నాకు జవాబు దొరికింది.

ఆమెకు ఆయాసం. నేను ఆ ఇంటికి వచ్చేనాటికే ఉంది. క్వారీ దుమ్ము, బళ్ళ పొగ, రెండూ ఆ ఇంటిమీదుగానే పోతాయి. దుమ్ముకు దూరంగా ఉంచమని మేడ్చల్‌లో డాక్టరు చెప్పాడు. ఎక్కడికి దూరం? ఆయాసం వచ్చినప్పుడు నోట్లో కొట్టుకునే పంపు అందించి, వీపు మీద అరచెయ్యి ఆనించి, మాట్లాడకుండా కూర్చునేవాడు ఆయన. ఒకసారి ఆయన ఇంట్లో లేనప్పుడు నేను ఆ పని చెయ్యబోయాను. పంపు ఇచ్చాను గాని చెయ్యి ఎక్కడ పెట్టాలో తెలియలేదు. ఆమె ఊపిరి కుదుటపడ్డాక నవ్వింది. "మీరు పరేషాన్ గాకుండ్రి అన్నా, మీకే చెమట్లు పట్టినయి" అంది.

బెల్టు వస్తే క్రషర్ గుంత అడుగుకు దిగుతుంది. రాయి క్రషర్ దగ్గరికి ఎక్కే బదులు క్రషరే రాయి దగ్గరికి పోతుంది. కరెంటు మీద నడుస్తుంది. నలిగే చోట నీళ్ళు చల్లుతారు. అడుగున బండలు అందించడానికి రెండు టిప్పర్లు చాలు. మిగతా బళ్ళను, వాటితో పాటు డ్రైవర్లను, వేరే జిల్లాలో యజమానికున్న ఇంకో క్వారీకి పంపుతారు. అక్కడికి పోతే నెలకొకసారి ఇంటికి రావడం. నలుగురిని మాత్రం బెల్టు కాపలా పని నేర్పి ఇక్కడే ఉంచుకుంటామన్నారు. భాయి పేరు ఆ నలుగురిలో వచ్చిన రోజు ఆమె సేమ్యా వండింది. నాకొక గిన్నె నిండా పెట్టింది.

అంటే బెల్టు నడవాలని ఊళ్ళో అందరికంటే ఎక్కువ కోరుకున్నది ఆమే. దుమ్ము తగ్గుతుందని కొంత. ఆయన ఇంటి దగ్గరే ఉంటాడని ఎక్కువ.

ఆ క్వారీలో దసరాకు బళ్ళన్నిటికీ పూజ చేస్తారు. బంతిపూలు కట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తారు. భాయి బండికి మిగతా డ్రైవర్లే బొట్లు పెట్టేవారు. గుమ్మడికాయ తేవడం మాత్రం మొదటి నుంచీ ఆయన వంతు. రావల్‌కోల్‌లో ఒక రైతు ఆయనకు దోస్తు, ఏరి మంచి కాయ ఇస్తాడు. బండి కాబట్టి కాయను ముందు పగలగొట్టేవారు. అదే ఇల్లయినా దుకాణమైనా గుమ్మం ముందు ఉట్టి కట్టి వేలాడదీయడం మామూలు. మరి బెల్టు బండా, ఇల్లా? దీని మీద డ్రైవర్లు రెండు రోజులు వాదించుకున్నారని ఆయన చెప్పాడు. కదలకుండా ఒకే చోట ఉంటుంది కాబట్టి ఇల్లు కిందే లెక్క అని తేల్చుకున్నారట.

ఉట్టి ఆమె అల్లింది. పాత మంచం నులక విప్పి, నీళ్ళలో నానబెట్టి, అరుగు మీద కూర్చుని రెండు సాయంత్రాలు ముడులు వేసింది. మధ్యలో ఒక నల్ల దారం కలిపింది. దిష్టి, గుమ్మడికాయ ఇవన్నీ మీకు పట్టింపేనా అని అడిగాను.

"నజర్ అందరికి ఒక్కటే గదన్నా" అంది. "ఇగ ఆయన నా కండ్ల ముంగటనే ఉంటడు. దానికి తగలొద్దు."

ప్రారంభానికి ముందు రోజు సాయంత్రం ఇంజినీరు మనుషులు అన్నీ పరీక్షించి వెళ్ళిపోయాక, భాయి ఆ కాయను సంచిలో పెట్టుకుని క్వారీకి పోవడం నేను మేడమీది నుంచి చూశాను. గేటుకు కడతాడనుకున్నాను.

ఇప్పుడు మళ్ళీ ఆ ఉదయానికి వస్తాను. మేనేజర్ గడువు పెట్టి షెడ్డులోకి పోయాడు. డ్రైవర్లు ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళు చూసుకుంటున్నారు. నువ్వంటే నువ్వని అప్పటికే ఇద్దరు గొంతు పెంచారు. పేపరాయన రావాలని భాయి పిలిస్తే వెళ్ళినవాణ్ణి, ఒక పక్కన నిలబడ్డాను. మేడం ప్యానెల్ దగ్గర తన మనిషితో అంటున్న మాటలు అక్కడికి వినపడుతున్నాయి. బెల్టు నడిచినప్పుడే ఎవరో లాగుతున్నారు, ఆగాక వదిలేస్తున్నారు, చాలా తెలివైనవాడి పని అంటోంది.

భాయి అది విన్నాడు. తరవాత మెల్లగా నా పక్కకొచ్చాడు.

"సార్, గా ఎర్ర తాడు... ఊకెనే కట్టింది గాదా?"

తాడు ఎందుకుందో నాకు తెలిసినంత చెప్పాను. ఆ నలుగురికీ పని నేర్పడం మర్నాటి నుంచి మొదలు కావాల్సి ఉంది. తాడు ముట్టుకోవద్దని బోర్డు ఉంది, కాని ఇంగ్లీషులో ఉంది. ఆయన ఉర్దూ తప్ప చదవలేడు. చెబుతుంటేనే ఆయన ముఖం మారిపోయింది. ఎక్కడ కట్టావని అడిగాను. క్రషర్ వెనకాల, గోడవైపు, మనుషులు నడవని పక్కన అన్నాడు. ఎవరి దిష్టీ పడని చోట కాయ ఉంటే బలం ఎక్కువని. అక్కడ ఒక తాడు బిగుతుగా, కాయ కోసమే కట్టినట్టు కనపడిందట.

నాకప్పుడు అంతా అర్థమైంది. బెల్టు నడిస్తే చట్రం అదురుతుంది. చట్రం అదిరితే కాయ ఊగుతుంది. ఊగిన కాయ తాడును కిందికి గుంజుతుంది. బెల్టు ఆగితే కాయ నెమ్మదించి తాడు మళ్ళీ సర్దుకుంటుంది.

ఇంతా తెలిశాక ఏం చెయ్యాలో నేను చెప్పలేదు. చెప్పగలిగేవాణ్ణి కాదు. ఎవరూ చూడకుండా పోయి కాయ విప్పుకొస్తే బెల్టు నడుస్తుంది, కాని తాడు లాగినవాడి కోసం వెతుకులాట ఆగదు. చెబితే, కొత్త యంత్రాన్ని ఆపినవాడిగా మొదట కొట్టేసే పేరు ఆయనదే కావచ్చు. ఇంటి దగ్గర ఆమె ఊపిరి. ఆయన భుజం మీది కండువా తీసి ముఖం తుడుచుకున్నాడు, మళ్ళీ వేసుకున్నాడు. కోపంగా అరుచుకుంటున్న ఆ ఇద్దరు డ్రైవర్ల మధ్యనుంచి నడిచి షెడ్డు గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"సాబ్, తాడు ఎవ్వరు గుంజలే. నేనే కాయ కట్టిన."

మేనేజర్‌కు అర్థం కాలేదు. ఏం కాయ అని అడిగాడు.

"గుమ్మడికాయ. బెల్టుకు నజర్ తగలొద్దని. అది గసుంటి తాడని నాకు తెల్వది."

వెనకనుంచి ఒక డ్రైవర్, ఇందాక గొంతు పెంచినవాళ్ళలో ఒకడే, మెల్లగా అన్నాడు. "చాచా, నజర్ తగలొద్దని కట్టి నువ్వే తగిల్నవు పో." రెండో అరుపులవాడు ముందు నవ్వాడు. ఆ తరవాత చాలామంది నవ్వారు. మేనేజర్ నవ్వలేదు.

మేడం ప్యానెల్‌కు తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకుని, భాయిని వెంటబెట్టుకుని కిందికి దిగింది. నేనూ దిగాను. క్రషర్ వెనక సందులో, నులక ఉట్టిలో, పసుపు రాసిన పెద్ద బూడిద గుమ్మడికాయ ఏమీ ఎరగనట్టు వేలాడుతోంది. ఆమె దాన్ని రెండు చేతులతో కొంచెం పైకెత్తి పట్టుకుంది. తాడు పైకి లేచి సమంగా నిలిచింది. వదిలింది. తాడు దిగింది. మళ్ళీ ఎత్తింది.

"ఇట్లాంటి సందులోకి మళ్ళీ రాకండి చాచా" అంది ముందు. "బెల్టు కదిలితే మీ చెయ్యి దొరికేది కాదు." ఆ తరవాత ఉట్టి ముడులు చూసి ఎవరు అల్లారని అడిగింది. ఆయన చెప్పాడు. ముడి కొయ్యకుండా, ఒకటొకటిగా విప్పడానికి మేడంకు చాలాసేపు పట్టింది.

కాయను షెడ్డు వాసానికి కట్టించారు. పన్నెండు దాటకముందే బెల్టు మళ్ళీ వేశారు. సాయంత్రం దాకా ఆగలేదు. ఆ పక్క తాడు పనిచేస్తుందో లేదో తాము బరువు పెట్టి చూడనేలేదని, ఆ పరీక్ష కాయ చేసిందని మేడం మేనేజర్‌తో అన్నదట. మేనేజర్ దానికి ఏమన్నాడో తెలియదు. జాబితా చింపలేదు. నాలుగోదైన భాయి పేరు పక్కన మాత్రం చేతిరాతతో మూడు నెలల పరీక్ష అని రాయించాడు, పని నచ్చితేనే ఖాయమని.

ఆ సాయంత్రం భాయి ఇంటికొచ్చి భార్యకు బెల్టు నడిచిందనీ, కాయ కట్టామనీ మాత్రమే చెప్పాడు. రెండూ నిజమే. మర్నాడు చేలగట్టున పోతున్న, ఆ మాట విసిరిన డ్రైవరే మిగతాది ఆమెకు వివరంగా చెప్పిపోయాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వు దగ్గైంది, దగ్గు ఆయాసమైంది. ఆయన పరుగున వచ్చి పంపు ఇచ్చి, వీపు మీద చెయ్యి ఆనించాడు. ఊపిరి తిరిగాక ఆమె ఆయనవైపు తలతిప్పి ఉర్దూలో ఒక మాటంది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. నాకు అర్థమైంది గాని అది వాళ్ళది. ఇక్కడ రాయను.

అది జరిగి ఏడాది దాటింది. భాయి ఇప్పుడు బెల్టు పక్కన నడుస్తాడు. కిందినుంచి పైకి, పైనుంచి కిందికి, రోజుకు ఎన్నిసార్లో. బెల్టు కింద తిరిగే రోలర్లలో ఒకటి చెడబోతే ముందుగా కీచుమంటుంది. ఇన్నేళ్ళ ఇంజను మోతకు ఆయన ఎడమ చెవి మందగించింది. అందుకని పైకి పోతున్నప్పుడు మామూలుగా నడుస్తాడు, దిగుతున్నప్పుడు తల వంచి కుడి చెవి బెల్టువైపు పెడతాడు. దూరం నుంచి చూస్తే ఎవరితోనో రహస్యం మాట్లాడుతూ దిగుతున్నట్టుంటుంది. అనుమానమున్న రోలర్ దగ్గర సుద్దతో గీత పెడతాడు. సందుల్లోకి పోడు. కొత్తవాళ్ళు ఎర్ర తాడుకు సద్ది టిఫిన్ తగిలిస్తే గట్టిగా తిడతాడు. "చాచాకు తెల్వనిదా తాడు సంగతి" అని వాళ్ళు నవ్వుతారు.

బొంగురు హారన్ ఇప్పుడు లేదు. ఆయన బండిని వేరే జిల్లాకు పంపేశారు. మధ్యాహ్నం సెలవుకు ముందు బెల్టు ఆగుతుంది. రోజంతా వెనక చేలమీదుగా వచ్చే ఆ సన్నటి మోత ఒక్కసారిగా తెగిపోతుంది. ఆమె ఇప్పుడు ఆ నిశ్శబ్దానికి పెంకు పెడుతోంది. మొదట్లో రెండుమూడుసార్లు బెల్టు మధ్యలో ఆగితే రొట్టెలు ముందే చేసి, ఆయన రాకపోతే మూతపెట్టి కూర్చుంది. ఇప్పుడు కాస్త ఆగి చూస్తుంది. అరగడియలో సైరన్ మోగిందంటే ఇంకా సెలవు కాలేదని పిండి పక్కన పెట్టేస్తుంది.

పత్రికలో పనిచేసినవాడి అలవాటు కొద్దీ, దుమ్ము తగ్గిందో లేదో చూద్దామని రోజూ పొద్దున మేడ పిట్టగోడను రెండు తడిగుడ్డలతో తుడుస్తాను. క్వారీ వైపు ఒకటి, రోడ్డు వైపు ఒకటి. క్వారీ వైపు గుడ్డ ఉతికితే వెనకటికంటే తేలిగ్గా తెల్లబడుతోంది. రోడ్డు వైపు గుడ్డలో తేడా ఏమీ లేదు. గుంతలోనుంచి రాయి కరెంటు మీద పైకొస్తోంది గాని, అక్కడినుంచి కంకర పట్నానికి పోయేది ఇప్పటికీ మా ఇంటి ముందునుంచి, డీజిలు బళ్ళ మీదే. ఆమె పంపు వాడటం తగ్గిందా అని అడిగితే, ఒకరోజు తగ్గిందంటుంది, ఒకరోజు చెప్పలేనంటుంది.

మూడు నెలల పరీక్ష ఇప్పటికి నాలుగుసార్లు పొడిగించారు. గుంత ఇంకో మెట్టు కిందికి దిగబోతోంది. అప్పుడు కొత్త క్రషర్ కూడా దిగాలి, బెల్టుకు ఇంకో ముక్క అతకాలి. అది ఖర్చు గనక, ఆ మెట్టు వరకూ పాత పద్ధతిలో టిప్పర్లే పెడితే ఎట్లా ఉంటుందని కూడా ఆలోచిస్తున్నారట. బెల్టు అతికితే భాయి ఇక్కడే. టిప్పర్లు వస్తే బెల్టు మనుషుల్లో ఇద్దరిని తగ్గిస్తారని, పరీక్ష మీద ఉన్నవాణ్ణే ముందు పంపుతారని చెప్పుకుంటున్నారు. యజమాని ఏదీ తేల్చలేదు. గుమ్మడికాయ కుళ్ళకుండా ఎండి షెడ్డు వాసానికి అట్లాగే ఉంది. నాలుగో పేరు పక్కన చేతిరాత కూడా అట్లాగే ఉంది.